పొల్లీని కెరీర్‌ని మొదటి నుంచి చివరిదాకా వినడం ఎలా

క్లాసికల్ పియానో వినాలని ఉంది గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలీట్లేదు అని ఎవరైనా అడిగితే అందరూ చెప్పేది ఒకటే, ఏదో ఒక బెస్ట్ ప్లేలిస్ట్ పెట్టుకుని వినేయండి అని. నేనూ అదే చేశా. రెండు నెలలు విన్నా, ఏమీ ఎక్కలేదు, ఎందుకంటే ప్రతి నాలుగు నిమిషాలకీ వాయించే మనిషి మారిపోతాడు, రాసినాయన మారిపోతాడు, ఒకటి జోలపాటలా ఉంటే ఇంకోటి రేకుల మీద వడగళ్ల వానలా ఉంటుంది, ఇక మనకి పట్టు దొరికేదెక్కడ. తర్వాత ఒక్క మనిషిని పట్టుకుని ఆయన కుర్రతనం నుంచి ముసలితనం దాకా వరసగా వింటే అప్పుడు తెలిసింది ఈ సంగీతంలో ఏం వినాలో. ఆ మనిషి పియానిస్ట్ మౌరీజియో పొల్లీని. ఇటలీలో మిలాన్ ఆయనది, 1942 జనవరి 5న పుట్టారు, 2024 మార్చి 23న అదే ఊళ్లో పోయారు.

ఈయన్నే ఎందుకు అంటే, మొదటి పెద్ద రికార్డింగ్ 1960ది, ఆఖరివి 2022 దాకా చేసినవి, అంటే అరవై ఏళ్ల పైనే మైకు ముందు కూర్చున్నారు. అంతకంటే మనకి పనికొచ్చేది ఏంటంటే కొన్ని పీసుల్ని వయసులో ఉన్నప్పుడు ఒకసారి, డెబ్భైకి అటూఇటూ ఇంకోసారి రికార్డ్ చేశారు. ఒకే పీసు, అదే మనిషి, మధ్యలో ముప్ఫై నలభై ఏళ్లు. పక్కపక్కన పెట్టుకుని వింటే పుస్తకాలు చదివినా రానిది చెవికి వస్తుంది. ఈ పోస్ట్ అంతా దానికోసమే.

ముందు వినే ఏర్పాటు సంగతి చెప్తా, ఇది చిన్న విషయమే గానీ నేను ఇక్కడే తన్నుకున్నా. షఫుల్ ఆపేయండి. మొదటిసారి పొల్లీని పేరు కొట్టి షఫుల్‌లో పెట్టా, షొపాన్ (పోలండ్ కంపోజర్) నాక్టర్న్ (రాత్రిపూట మూడ్‌లో మెల్లగా సాగే పీసు) ఒకటి హాయిగా అయిపోయింది, కళ్లు మూసుకుని ఉన్నా, వెంటనే బూలెజ్ అనే మోడరన్ కంపోజర్ సొనాటా (కొన్ని భాగాలుగా ఉండే పెద్ద పీసు) పడింది, మెట్ల మీద నుంచి బీరువా దొర్లినట్టు అనిపించి ఫోన్ పాడైందేమో అని లేచి చూశా. రెండోది, ట్రాక్ పేరు చూసి నమ్మొద్దు, రికార్డ్ చేసిన సంవత్సరం చూడండి. షొపాన్ ప్రెల్యూడ్స్ (24 చిన్న పీసులు) ఈయనవి రెండు ఉన్నాయి, 1974లో చేసినవి ఒకటి, 2011లో చేసినవి ఇంకోటి, నేను వాడే యాప్‌లో రెండింటికీ పేరు ఒకటే, కింద వేసే సంవత్సరం కూడా రీఇష్యూ అయిన సంవత్సరం, దాంతో వారం రోజులు ముసలాయన్ని కుర్రాడనుకుని విన్నా. రిలీజ్ అయిన ఏడాదీ రికార్డ్ అయిన ఏడాదీ వేరు అని గుర్తుంచుకుంటే చాలు.

వాల్యూమ్ గురించి కూడా ఒక మాట. మొదట్లో ఒక లెవెల్ పెట్టుకుని ఇక ముట్టుకోకండి. షొపాన్ ఎట్యూడ్స్‌లో ఓపస్ 25 (ఓపస్ అంటే కంపోజర్ రచనకి వేసే నంబర్), 11వ నంబర్ ఉంది, మొదటి నాలుగు బార్లు (మన ఆవర్తం లాంటి కొలత) ఏదో గొణుక్కుంటున్నట్టు ఉంటాయి, వినపడట్లేదని నేను సౌండ్ పెంచా, ఐదో బార్‌లో కుడిచెయ్యి పై నుంచి కిందకి జలపాతంలా దూకింది, చెవులు గింగురుమన్నాయి. ఆ నాలుగు బార్లు అంత మెల్లగా ఉండేదే ఆ దూకుడు కోసం. మనం రిమోట్ పట్టుకుని సరిచేస్తుంటే ఆయన కష్టపడి కట్టిన తేడా అంతా పోతుంది.

ఇక మొదలు. 1960తో మొదలుపెట్టండి, కానీ దానికి ముందు ఇంటి సంగతి కొంచెం తెలిస్తే మంచిది. నాన్న జీనో పొల్లీని పేరున్న ఆర్కిటెక్ట్, మోడరన్ బిల్డింగులు కట్టినాయన. అమ్మ వైపు మేనమామ ఫాస్టో మెలోట్టి శిల్పి, అదీ అబ్‌స్ట్రాక్ట్ శిల్పాలు. ఇంట్లో కొత్త ఆర్ట్ అంటే వింత ఏమీ కాదు, రోజూ భోజనాల దగ్గర మాట్లాడుకునే విషయం అన్నమాట. ఇది ఎందుకు చెప్తున్నానంటే ముందుముందు ఈయన షోన్‌బెర్గ్, నోనో లాంటి కొత్తరకం కంపోజర్ల వైపు వెళ్తున్నప్పుడు చాలామంది, ఇదేం పిచ్చి, హాయిగా షొపాన్ వాయించుకోవచ్చు కదా అన్నారు, కానీ ఆ ఇంట్లో పెరిగినవాడికి అది పిచ్చి ఎందుకవుతుంది. పదమూడేళ్ల దాకా కార్లో లొనాతి దగ్గర, తర్వాత పద్దెనిమిదేళ్ల దాకా కార్లో విదుస్సో దగ్గర నేర్చుకున్నాడు. 1957లో జెనీవా పోటీలో రెండో బహుమతి. పదిహేనేళ్లకే షొపాన్ ఎట్యూడ్స్ మిలాన్‌లో స్టేజ్ మీద వాయించాడు. (కుర్రాడిగా ఉన్నంతసేపూ వాయించాడు అంటా, పెద్దయ్యాక వాయించారు అంటా, ఏమనుకోకండి.)

1960లో వార్సాలో షొపాన్ పోటీ. 18 ఏళ్లు. గెలిచాడు. జడ్జీల్లో గౌరవాధ్యక్షుడిగా కూర్చున్న మహా పియానిస్ట్ ఆర్థర్ రూబిన్‌స్టైన్, ఈ పిల్లాడు ఇక్కడ కూర్చున్న మా అందరికంటే బాగా వాయిస్తున్నాడు అన్నట్టు చెప్తారు, ఆ మాట ఈయన్ని జీవితాంతం వెంటాడింది, ఏ పేపర్ వ్యాసం చూసినా మొదటి పేరాలో అదే ఉంటుంది.

అదే ఏడాది ఈఎంఐ రికార్డింగ్ కంపెనీ వాళ్లు లండన్ ఫిల్‌హార్మోనియా ఆర్కెస్ట్రాతో, పౌల్ క్లెట్‌స్కీ కండక్టర్‌గా, షొపాన్ మొదటి కన్చర్టో (పియానోకీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన పెద్ద పీసు) రికార్డ్ చేయించారు. మీ మొదటి రోజు ఇదొక్కటే. మొదటి భాగంలో పియానో వెంటనే రాదు, ఆర్కెస్ట్రా చాలాసేపు మొత్తం కథ చెప్పేస్తుంది, కంగారుపడి ముందుకి జరపకండి. పియానో వచ్చినప్పుడు పెద్ద పెద్ద కార్డులతో (కార్డు అంటే కొన్ని స్వరాలు ఒకేసారి కలిపి మోగించడం) దబదబా వస్తుంది, కొన్ని క్షణాల్లోనే పాటలోకి దిగుతుంది. అక్కడ గమనించాల్సింది, ఆ కుర్రాడు పాట దగ్గర సాగదియ్యడు. చాలామంది అక్కడ ఒక్కో స్వరం మీద నిలబడి నిట్టూరుస్తారు. ఇతను నడుస్తూనే పాడతాడు. ఈ ఒక్క లక్షణం చెవిలో వేసుకోండి, అరవై ఏళ్లూ మారదు.

ఇప్పుడు అసలు పాయింట్. అంత పెద్ద పోటీ గెలిచినవాడు ఏం చేయాలి? ఊరూరా తిరిగి వరస కచేరీలు, ఏడాదికో రెండు రికార్డులు. ఇతను రివర్స్‌లో వెళ్లాడు. టూర్లు బాగా తగ్గించేశాడు, కూర్చుని కొత్త పీసులు నేర్చుకున్నాడు, మికెలాంజెలి అనే పెద్ద పియానిస్ట్ దగ్గరికి వెళ్లి దాదాపు ఆర్నెల్లు నేర్చుకున్నాడు. అదే 1960లో ఎట్యూడ్స్ కూడా మొత్తం రికార్డ్ చేశాడు గానీ అవి అప్పట్లో బయటికి రాలేదు, 2011లో గానీ టెస్టమెంట్ అనే లేబుల్ ద్వారా రాలేదు. అమెరికాలో కార్నెగీ హాల్‌లో మొదటి కచేరీ 1968లో, డాయిచ్ గ్రామొఫోన్ కంపెనీ‌కి మొదటి రికార్డ్ 1971లో. పోటీ గెలిచాక ప్రపంచం మొత్తానికీ ఇదిగో నేను అని చెప్పడానికి పదకొండేళ్లు తీసుకున్నాడు. నన్నడిగితే ఆయన కెరీర్‌లో అన్నిటికంటే పెద్ద నిర్ణయం వార్సా కాదు, ఇది. వచ్చిన అవకాశం పట్టుకోకపోతే జారిపోతుందని భయపడే వయసులో, ఇంకా రెడీ అవ్వలేదు అనుకోవడానికి ఎంత ధైర్యం ఉండాలి.

మరి ఈ గ్యాప్‌ని ఎలా వినాలి? నేను చేసింది చెప్తా, ఆ టైమ్‌లో గురువుగారిని విన్నా. ఆర్తూరో బెనెదెత్తి మికెలాంజెలి, 1920లో బ్రెషాలో పుట్టారు, తమాషా ఏంటంటే ఆయనదీ జనవరి 5నే. మనిషి మహా మొండి. చివరి నిమిషంలో కచేరీలు క్యాన్సిల్ చేయడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు, సొంత పియానోలు వెంట తిప్పుకునేవారు, తడి ఎక్కువైందనో తీగ సరిగ్గా లేదనో వాయించకుండా వెళ్లిపోయేవారు. ఆయనది రావెల్ జి మేజర్ కన్చర్టో ఉంది, 1957లో ఎత్తోరె గ్రాచిస్ కండక్టర్‌గా చేసింది, దానిలో రెండో భాగం పెట్టండి. పియానో ఒక్కటే చాలాసేపు వెళ్తుంది, ఎడమచెయ్యి ఊయల ఊగినట్టు, పైన కుడిచెయ్యి ఒక్కొక్క స్వరం తీసి పెడుతున్నట్టు. ఏ స్వరమూ పక్కదాని కంటే అనుకోకుండా పెద్దగా పడదు. పడితే కావాలనే. ఆ శుభ్రం పొల్లీనికి ఎక్కడి నుంచి అబ్బిందో అర్థమవుతుంది. తేడా కూడా తెలుస్తుంది, గురువు ఒక్కో స్వరాన్ని అద్దంలా తుడుస్తారు, శిష్యుడికి బిల్డింగ్ మొత్తం ఎలా నిలబడిందో కావాలి. నాన్న ఆర్కిటెక్ట్ కదా మరి.

ఇక 1971. స్ట్రావిన్‌స్కీ పెత్రూష్కా (ఒక బొమ్మ కథ మీద చేసిన బ్యాలే) నుంచి మూడు భాగాలు, ప్రొకోఫియెవ్ ఏడో సొనాటా. ఇప్పుడు దొరికే సీడీలోనూ యాప్స్‌లోనూ వీటితో పాటు వెబర్న్, బూలెజ్ కూడా కలిపి ఉంటాయి, అవి ఇంకో రికార్డువి, 1976లో చేసినవి, వాటిని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఈ పియానో వెర్షన్ స్ట్రావిన్‌స్కీ 1921లో ఇదే రూబిన్‌స్టైన్ కోసం రాసినది, మొత్తం ఆర్కెస్ట్రా చేసే పనిని పది వేళ్లకి అప్పజెప్పాడు. మొదటి సెకండు నుంచే పెద్ద పెద్ద కార్డులు గడగడా దొర్లుతాయి. దీన్ని మూడుసార్లు వినండి. మొదటిసారి ఊరికే నోరు తెరుచుకుని వినండి, తప్పులేదు, అందరం అదే చేశాం. రెండోసారి ఎడమచెయ్యి మాత్రమే. మూడోసారి మెల్లగా ఉన్న చోట్లు మాత్రమే, ముఖ్యంగా రెండో భాగం, ఎందుకంటే స్పీడ్‌గా వాయించగలిగినవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు, కానీ ఆ మధ్యలో బొమ్మ ఒంటరిగా గదిలో గింజుకుంటున్నట్టు ఉండే చోట ప్రతి చిన్న శబ్దానికీ వేరే రంగు ఉండటం, అది దొరకదు.

ప్రొకోఫియెవ్ చివరి భాగం మూడు నిమిషాల పైన కొంచెం ఉంటుంది, ఏడు లెక్క. మనకి ఏడు కొత్తేమీ కాదు, చాపు తాళం చెవిలో ఉన్నవాళ్లకి వెంటనే పట్టేస్తుంది, కాకపోతే ఇక్కడ విరుపు వేరు, తక తకిట తక, తక తకిట తక అని వేళ్ల మీద వేసుకోండి. మూడు నిమిషాలూ ఆ లెక్క ఎక్కడా తూలదు, చివర్లో కార్డులు మీదపడుతున్నా పరుగు పెంచడు, మన గుండె మాత్రం పరిగెడుతుంది. చాలామంది అక్కడ తాళం వదిలేసి పారిపోతారు.

దాని తర్వాత ఎట్యూడ్స్, 1972 రికార్డింగ్, 24 పీసులు, గంట కూడా పట్టదు. ఎట్యూడ్ అంటే అభ్యాసం, ఒక్కోటి ఒక్కో కష్టం మీద రాసినది. నేను అన్నీ ఒక్క ఊపులో వినమని చెప్పను, రోజుకి నాలుగు చాలు. మొదటిది (ఓపస్ 10, 1) కుడిచెయ్యి కీబోర్డ్ ఈ చివర నుంచి ఆ చివరకి చాపుకుంటూ ఎక్కి దిగుతూ ఉంటుంది, అందరి దృష్టీ దాని మీదే, మీరు కింద ఎడమచెయ్యి మెల్లగా వేసే ఆక్టేవులు (ఒకే స్వరం రెండు స్థాయిల్లో కలిపి) వినండి, అసలు పాట అక్కడుంది, పైదంతా దాని మీద మెరుపు. రెండోదానిలో కుడిచేతి బలహీనమైన వేళ్లు, అంటే మధ్యవేలు ఉంగరపువేలు చిటికెనవేలు, ఈ మూడే చీమల బారులా పరిగెడుతూ ఉంటాయి, అదే చేతి బొటనవేలు చూపుడువేలు కింద చిన్న కార్డులు వేస్తుంటాయి. ఒకసారి టేబుల్ మీద ఆ మూడు వేళ్లతో అటూ ఇటూ నడిపించి చూడండి, పది సెకండ్లలో ముంజేయి పట్టేస్తుంది. ఆయన చేతిలో అది ఎవరో గదిలో నడుస్తున్నట్టు ఉంటుంది అంతే.

ఇక్కడే ఒక గొడవ ఉంది, పొల్లీని కోల్డ్, మెషిన్ లాగా వాయిస్తాడు, హృదయం లేదు అని ఒక వర్గం మొదటి నుంచీ అంటుంది. దానికి నేను వాదించను, ఓపస్ 25, 7వ నంబర్ వినిపిస్తా. ఎడమచెయ్యి ఒక్కటే మొదలుపెడుతుంది, చెల్లో పాడినట్టు. ఏడుపు ఎక్కడా నటించడు. గొంతు పెంచకుండా చావుకబురు చెప్పేవాళ్లు ఉంటారు చూడండి, అలా ఉంటుంది. మీకు అక్కడ కూడా చలిగా అనిపిస్తే సరే, ఈయన మీకు పడడు, ఇంకెవర్నైనా చూసుకోండి. ఆ తర్వాత కావాలంటే 1960 ఎట్యూడ్స్ పెట్టి 1972తో పోల్చండి. నాకైతే 1960లో కుర్రాడు ఇంకొంచెం గాలిలో తేలుతున్నాడు, 1972లో కాళ్లు నేల మీద గట్టిగా పడ్డాయి. ఏది ఎక్కువ నచ్చింది అంటే రోజుని బట్టి మారుతుంది.

ఇప్పుడు చాలామంది దాటేసే భాగం, దయచేసి దాటేయకండి. డెబ్భైల్లో ఇటలీ ఎలా ఉండేదంటే ఫ్యాక్టరీల్లో సమ్మెలు, వీధుల్లో ఊరేగింపులు, బాంబులు. పొల్లీని లెఫ్ట్ మనిషి, కండక్టర్ క్లాడియో అబ్బాదో, కంపోజర్ లుయీజి నోనో ఇద్దరూ స్నేహితులు. సూట్లు వేసుకొచ్చేవాళ్లకే సంగీతం ఎందుకు అని మిలాన్ ఒపెరా హౌస్ లా స్కాలాలో కార్మికులకీ విద్యార్థులకీ కచేరీలు పెట్టారు, రెజ్జో ఎమీలియాలో ఫ్యాక్టరీల్లోకే వెళ్లి వాయించారు. 1972 డిసెంబర్‌లో మిలాన్‌లో ఒక కచేరీలో వాయించే ముందు వియత్నాం మీద అమెరికా బాంబింగ్‌ని ఖండిస్తూ ఒక ప్రకటన చదవబోతే హాల్లో పెద్ద గోల, పోలీసులొచ్చారు, కచేరీ ఆగిపోయింది. పియానో వాయించే ఆయనకి ఇవన్నీ ఎందుకు అని మనకీ అనిపించొచ్చు, ఆ రోజు హాల్లో టికెట్ కొనుక్కున్నవాళ్లకీ అదే అనిపించింది.

ఆ కాలం వినాలంటే నోనో రాసిన రెండు పీసులు. ఒకటి కోమో ఉనా ఓలా దె ఫుయెర్సా ఇ లూస్, 1972లో పూర్తయింది, చిలీలో చనిపోయిన ఒక యువ విప్లవ నాయకుడి జ్ఞాపకంగా రాసినది, సొప్రానో, పియానో, ఆర్కెస్ట్రా, టేప్. ఇది కష్టం, అబద్ధం చెప్పను, మొదటిసారి సగంలో ఆపేశా. రెండోది సోఫ్ఫెర్తె ఓందె సెరేనె, 1976ది, దీంతోనే మొదలుపెట్టండి. పియానో, టేప్ రెండే. టేప్‌లో ఉన్నది కూడా పొల్లీని వాయించినదే, స్టూడియోలో ఆయన చేత వాయించి రికార్డ్ చేసి మార్చిన శబ్దాలు, అంటే స్టేజ్ మీద మనిషి తన నీడతో కలిసి వాయిస్తాడు. వెనిస్‌లో నీళ్ల మీదుగా వచ్చే గంటల శబ్దం నోనో మనసులో ఉందట. దీన్ని హెడ్‌ఫోన్స్‌లో కంటే గదిలో స్పీకర్లలో, రాత్రిపూట, మెల్లగా పెట్టుకోండి. పాట ఎక్కడ అని వెతక్కండి. ఏ శబ్దం ఇప్పుడు వాయిస్తున్నది, ఏది టేప్‌లోది అని కనిపెట్టడానికి చూడండి, కాసేపటికి అదీ మానేస్తారు. ఇది పట్టాక ఇందాక పక్కన పెట్టిన వెబర్న్ వినండి, పొట్టి పీసు, ఆ తర్వాత షోన్‌బెర్గ్ పియానో పీసులు, 1974లో చేసినవి. బూలెజ్ చివర్లో. నాకు బూలెజ్ ఇప్పటికీ పూర్తిగా ఎక్కలేదు, కానీ బీరువా దొర్లుతున్నట్టు మాత్రం అనిపించట్లేదు.

కన్చర్టోల గురించి గబగబా చెప్పేస్తా. అబ్బాదోతో షికాగో సింఫనీలో చేసిన బార్టోక్ ఒకటి, రెండు, తప్పక వినండి, ఇద్దరు స్నేహితులు పోటాపోటీగా పరిగెత్తుతున్నట్టు ఉంటుంది. బ్రామ్స్ రెండోది అబ్బాదోతో వియన్నాలో చేసినది. కార్ల్ బోమ్‌తో మోజార్ట్ కూడా ఉంది, బాగుంటుంది, కానీ మోజార్ట్ కోసం నేనైతే పొల్లీని దగ్గరికి వెళ్లను.

ఇప్పుడు బీథోవెన్. 32 సొనాటాలూ రికార్డ్ చేయడానికి ఈయన 1975లో మొదలుపెట్టి 2014లో పూర్తి చేశారు, 39 ఏళ్లు. మామూలుగా రెండు మూడేళ్లలో అవగొట్టేసే పని ఇది. పైగా చివరి ఐదు సొనాటాలతో, అంటే అన్నిటికంటే లోతైనవాటితో మొదలుపెట్టారు, 1975 నుంచి 77 మధ్యలో. ఇక్కడ నేను చేసిన తప్పు, 29వది, హామర్‌క్లావియర్ అంటారే, దాన్ని పెట్టి నాలుగు భాగాలూ ఒకేసారి వినబోయా, మూడో భాగం నెమ్మదిగా పావుగంట పైనే ఉంటుంది, నిద్రపోయా, ఒకే పాటని ఒకదాని వెనక ఒకటి అందుకుంటూ అల్లే ఆఖరి ఫ్యూగ్‌లో ట్రిల్లులు (రెండు పక్కపక్క స్వరాలు గబగబా మార్చి మార్చి వాయించడం) దడదడలాడుతుంటే ఉలిక్కిపడి లేచా. మీరు ఓపస్ 110తో మొదలుపెట్టండి. మూడో భాగంలో ఒక దుఃఖగీతం వస్తుంది, తర్వాత ఫ్యూగ్, మళ్లీ అదే దుఃఖం ఈసారి ఊపిరందనట్టు తెగిపోతూ, ఆ తర్వాత ఒకే కార్డు మళ్లీ మళ్లీ, ప్రతిసారీ కొంచెం పెద్దగా, పది సార్లు. లెక్కపెట్టండి. దాని తర్వాత ఫ్యూగ్ తలకిందులై తిరిగొస్తుంది. పొల్లీని ఆ పది కార్డులని మెట్లు కట్టినట్టు వేస్తారు, ఏ రెండూ ఒక ఎత్తులో ఉండవు.

తర్వాత ఓపస్ 111, చివరి సొనాటా, రెండే భాగాలు. రెండోది ఒక చిన్న పాట, దాని మీద వేరియేషన్లు (అదే పాట రకరకాలుగా మార్చి), మూడో వేరియేషన్‌కి వచ్చేసరికి జాజ్ లాగా ఎగిరెగిరి పడుతుంది, వందేళ్ల తర్వాత పుట్టాల్సిన ఊపు అది. చివర్లో పైన ఎక్కడో ట్రిల్ మోగుతూ ఉంటుంది, కింద మొదటి పాట తిరిగొస్తుంది.

ఇది పూర్తయ్యాక అసలు ఎక్సర్‌సైజ్. ఓపస్ 109, 110, 111 మళ్లీ 2019లో మ్యూనిక్‌లో లైవ్‌గా రికార్డ్ చేశారు, అప్పటికి 77 ఏళ్లు. ఒకరోజు పాత 111, మర్నాడు కొత్త 111. ఒకే రోజు రెండూ వద్దు, రెండోది వినేటప్పుడు మొదటిది కొంచెం మర్చిపోయి ఉండాలి. ముసలాయన మెల్లగా, నిదానంగా వాయిస్తారనుకుంటాం కదా, వినండి, చాలా చోట్ల కుర్రతనం కంటే స్పీడ్‌గా వెళ్లారు. ఎక్కడో రెండు మూడు చోట్ల స్వరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి, డెబ్భైల్లో అద్దంలా ఉన్న చోట ఇప్పుడు గీతలున్నాయి. కానీ మనకి టైమ్ లేదు పదండి అని తరుముతున్నట్టు ఉంటుంది. నాకు మొదట నచ్చలేదు, ఇప్పుడు ఎక్కువసార్లు పెట్టుకునేది అదే. 101, 106 (అదే హామర్‌క్లావియర్) కూడా ఇలాగే మళ్లీ చేసి 2022లో వదిలారు, ఎనభై ఏళ్ల మనిషి హామర్‌క్లావియర్‌ని మళ్లీ ముట్టుకోవడమే ఒక మొండితనం.

ఈ లేట్ రికార్డింగులు వినేటప్పుడు ఒక హెచ్చరిక, వెనకాల ఏదో మూలుగు, కూనిరాగం, గట్టిగా ఊపిరి పీల్చిన శబ్దం వినిపిస్తాయి. హెడ్‌ఫోన్ పోయిందనుకుని నేను కేబుల్ మార్చా. అది ఆయనే. వాయిస్తూ లోపల పాడుకుంటారు, అలవాటైతే తర్వాతి మలుపు ఎప్పుడొస్తుందో ఆ గొంతుని బట్టి ముందే తెలిసిపోతుంది.

ప్రెల్యూడ్స్ రెండు వెర్షన్లూ ఇదే పద్ధతిలో పోల్చొచ్చు, 24 మొత్తం అక్కర్లేదు, 15వది ఒక్కటి చాలు, వాన చినుకు అని పేరుపడినది. ఒకే స్వరం మొదటి నుంచి చివరిదాకా టప్ టప్‌మని పడుతూ ఉంటుంది, పైన హాయిగా ఉన్నప్పుడు చినుకులా, మధ్యలో చీకటి కమ్మినప్పుడు గంటలా. పాట వదిలేసి ఆ ఒక్క స్వరాన్నే 1974లో ఒకసారి, 2011లో ఒకసారి వెంబడించండి. నాక్టర్న్స్ 2005లో చేసినవి, దానికి గ్రామీ కూడా వచ్చింది, ఎవరికైనా గిఫ్ట్‌గా ఇవ్వాలంటే నేను అదే ఇస్తా, పోలికలేం పెట్టుకోకుండా ఊరికే వినడానికి.

వీడియోలు కూడా ఒకటి రెండు చూడండి, చేతుల కోసం. మనిషి పెద్దగా ఊగడు, చేతులు గాల్లోకి లేపి డ్రామా చేయడు. పియానో పక్కన కంపెనీ పేరు స్టైన్‌వేతో పాటు ఫాబ్రీని అని పేరు కనిపిస్తుంది, ఇటలీలో పెస్కారా ఊరి టెక్నీషియన్ ఆంజెలో ఫాబ్రీని సిద్ధం చేసిన పియానోలు అవి, చాలా కచేరీలకి వాటినే తెప్పించుకునేవారు. మికెలాంజెలికి పియానోలు చూసిన చెయ్యి కూడా అదే. అలా గురువు పద్ధతి పియానో రూపంలోనూ వెంట వచ్చిందన్నమాట.

2023 జూన్‌లో లండన్ కచేరీలో షూమన్ పీసు మధ్యలో దారి తప్పిపోయారు, జీవితమంతా కాగితం లేకుండా వాయించిన మనిషి లోపలికెళ్లి నోట్స్ తెచ్చుకుని మళ్లీ కూర్చున్నారు. దాని గురించి రాసినవి చదివితే బాధేస్తుంది, అవి వెతికి చదవమని చెప్పను.

ఆఖరిగా షూబర్ట్. కొడుకు దానియేలే కూడా పియానిస్టే, ఇద్దరూ పంచుకున్న ఆల్బమ్ 2024లో వచ్చింది. అందులో ఎఫ్ మైనర్ ఫాంటసీ ఉంది, ఒకే పియానో దగ్గర ఇద్దరు, నాలుగు చేతులు. కింద అలల్లా నడక, పైన ఒక చిన్న పిలుపు లాంటి పాట, మొదట్లో వస్తుంది, మధ్యలో ఎక్కడెక్కడో తిరిగి చివరికి మళ్లీ అదే వస్తుంది. ఆల్బమ్ వివరాలు చూడకుండా పెట్టుకుని, పై చేతులు ఎవరివి, కింది చేతులు ఎవరివి అని చెవితో చెప్పగలరేమో ట్రై చేయండి. 1960 కన్చర్టోలో ఆ కుర్రాడు పాటని ఆగకుండా నడిపించాడని చెప్పా కదా, అదే ఆనవాలు. నేను గెస్ చేసి ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నా, ఇంకా తిరగేసి చూసుకోలేదు.